గుండెనాళంలో లోహపు గూడు

“ఆయనకు గుండెలో స్టెంటు వేశారట!” అన్న మాట మన పల్లెల్లో ఇప్పుడు కొత్తది కాదు. రామన్నపేట బస్టాండులోనూ వినవచ్చు, నల్లగొండ వెళ్లే రైలు పెట్టెలోనూ వినవచ్చు. ఒక యింట అది ప్రాణం నిలిపింది. మరొక యింట దానికోసం అప్పు చేశారు. కాని ఆ వస్తువు ఏ పని చేయగలదు, ఏ పని చేయలేదు అన్న సంగతి మాత్రం వేయించుకున్నవారిలోనే చాలామందికి తెలియదు.

గుండె ఒళ్లంతటికీ నెత్తురు పంపుతుంది గదా, మరి దానికి నెత్తురెవరు పెడతారు? గుండెను పైనుంచి చుట్టుకొని ఉన్న హృదయధమనులు ఆ పని చేస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ వాటి గోడల్లో కొవ్వు చేరి, ఒండ్రు పట్టిన బావికాలువలాగా దారి ఇరుకవుతుంది. నడిచినప్పుడు, బరువెత్తినప్పుడు ఛాతీ పట్టేస్తుంది, కూర్చుంటే తగ్గుతుంది. ఇది మొదటి రకం జబ్బు. రెండవది వేరు. ఆ కొవ్వుగడ్డ మీది పొర ఉన్నట్టుండి చిట్లుతుంది. అక్కడ నెత్తురు గడ్డకట్టి దారి పూర్తిగా మూసుకుంటుంది. దానినే గుండెపోటు అంటాము. ఈ రెండింటికీ తేడా గుర్తుంచుకుంటే స్టెంటు కథ సగం తెలిసినట్టే.

1977 సెప్టెంబరు 16న జ్యూరిచ్ నగరంలో ఆండ్రియాస్ గ్రుంట్సిగ్ అనే వైద్యుడు సన్నని గొట్టం చివర చిన్న బుడగ అమర్చి, మెలకువగా ఉన్న రోగి హృదయధమనిలోకి పంపి, దానిని ఉబ్బించి ఇరుకును వెడల్పు చేశాడు. తన తొలి బుడగలను ఆయన ఇంట్లో వంటగది బల్లమీదే తయారు చేసుకున్నాడు. అదే యాంజియోప్లాస్టీ. అయితే దాదాపు మూడోవంతు మందిలో నాళం కొన్ని నెలల్లోనే మళ్లీ ఇరుకయ్యేది. కూలే గట్టుకు రాతికట్టు కట్టినట్టు, 1986లో ఫ్రాన్సు, స్విట్జర్లాండు వైద్యులు నాళం లోపల లోహపు వలగూడు నిలిపారు. అదే స్టెంటు.

ఆ గూడు చుట్టూ కండ పెరిగి దారి మళ్లీ పూడుతుంటే దానికీ ఉపాయం దొరికింది. 1964లో పసిఫిక్ సముద్రంలోని ఈస్టర్ దీవినుంచి తెచ్చిన పిడికెడు మట్టిలో ఒక సూక్ష్మజీవి ఉన్నది. దానినుంచి సురేంద్రనాథ్ సెహగల్ అనే మన దేశపు శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు కెనడాలో రాపమైసిన్ అనే మందును వేరుచేశారు. ఆ మందు పూసిన స్టెంట్లు 2003 నాటికి అమెరికాలోనూ వాడుకలోకి వచ్చాయి.

ఈ కథలో మన హైదరాబాదుకూ చోటున్నది. 1990ల్లో హృద్రోగ నిపుణులు డాక్టర్ సోమరాజు, క్షిపణి శాస్త్రవేత్త అబ్దుల్ కలాం కలిసి తక్కువ ఖర్చులో దేశీయమైన స్టెంటు తయారు చేయించారు. అది కలాం-రాజు స్టెంటుగా పేరు పొందింది. క్షిపణులకు పనికివచ్చిన లోహవిద్య గుండెకు కూడా పనికివచ్చిందన్నమాట! 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ పథకం మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. 2017 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం ధరకు కళ్లెం వేసి, అంతకుముందు లక్షదాకా పలికిన మందుపూత స్టెంటును 29,600 రూపాయలకు దించింది.

ఇంతకీ స్టెంటు ఆయుష్షు పెంచుతుందా? గుండెపోటు నడుస్తుండగా వెంటనే వేస్తే నిస్సందేహంగా ప్రాణం కాపాడుతుంది. మొదటి రకం జబ్బులో మాత్రం సంగతి వేరు. 2020లో వెలువడిన ‘ఇస్కీమియా’ పరిశోధనలో 37 దేశాలవారు 5,179 మంది పాల్గొన్నారు. సగం మందికి మందులతోపాటు స్టెంటు లేదా బైపాస్ తలపెట్టారు. తక్కిన సగానికి మొదట మందులే ఇచ్చారు. మరణాల్లో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. స్టెంటు పక్షంవారికి నొప్పి మాత్రం బాగా తగ్గింది. ఎడమవైపు ప్రధాన నాళం మూసుకున్నవారికి, గుండె బాగా బలహీనపడ్డవారికి ఈ లెక్క వర్తించదు. తక్కినవారు “రేపే వేయించాలి” అని హడలిపోయి పొలం బేరం పెట్టనక్కరలేదు. మందులు వాడుతూ ఆలోచించుకునే వ్యవధి వారికున్నది.

వ్యవధి లేనిది గుండెపోటుకే. నెత్తురందని కండ అరగంటలోనే చావడం మొదలుపెడుతుంది. 2008లో ప్రచురించిన ‘క్రియేట్’ అధ్యయనం మన దేశంలోని 20,468 మంది రోగులను పరిశీలించింది. తీవ్రమైన గుండెపోటు వచ్చినవారిలో సగం మంది ఆసుపత్రి చేరేసరికి 360 నిమిషాలు, అంటే ఆరు గంటలు దాటిపోయాయి. నెలలోపు మరణించినవారు సంపన్నుల్లో నూటికి 5.5, పేదల్లో 8.2. “గ్యాసు పట్టింది, సోడా తాగితే పోతుంది” అంటూ కూర్చున్న గంటలు కూడా అందులో ఉండే ఉంటాయి.

పట్నం దూరమైన ఊళ్లవారికి 2013 నాటి ‘స్ట్రీమ్’ పరిశోధన ధైర్యం చెప్పింది. గంటలోపు యాంజియోప్లాస్టీ అందని 1,892 మందిలో సగానికి ముందు గడ్డ కరిగించే ఇంజెక్షను ఇచ్చి, తరువాత నాళాలు పరీక్షించారు. నేరుగా స్టెంటుకు పంపినవారితో పోలిస్తే ఫలితాలు ఇంచుమించు సమానంగా వచ్చాయి. మెదడులో రక్తస్రావం కొంచెం ఎక్కువ కావడంతో 75 ఏళ్లు దాటినవారికి మోతాదు సగం చేశారు. అందరికీ ఆ ఇంజెక్షను పడదు. వైద్యుడు చూసి నిర్ణయించాలి. అయినా ఛాతీ బరువు, ఎడమచేయి లాగడం, చల్లచెమటలు కనిపిస్తే 108కి ఫోను చేసి, ఇ.సి.జి. తీయగల దగ్గరి ఆసుపత్రికి ముందు వెళ్లాలి. పట్నం ప్రయాణం ఆ తరువాత.

చివరగా ఒక హెచ్చరిక. స్టెంటు వేస్తే జబ్బు పోయిందని మాత్రలు మానేవారున్నారు. కొత్తగా పెట్టిన లోహం మీద నెత్తురు ఇట్టే గడ్డకడుతుంది. అందుకే ఆస్పిరిన్‌తోపాటు మరొక మందును గుండెపోటు వచ్చినవారికి సాధారణంగా ఏడాదిపాటు ఇస్తారు. దేనిని ముందు ఆపవచ్చునో వైద్యుడు చెప్పాలే గాని పక్కింటివారు కాదు. కొవ్వు తగ్గించే మాత్ర ఆ తరువాత కూడా సాగాలి. గూడు నిలిపింది ఒక్కచోటనే. తక్కిన నాళాలను కాపాడవలసినవి ఆ మాత్రలూ, పొగాకు మానడమూ, రోజూ నాలుగడుగులు నడవడమూ.