ఇంటర్మీడియేటున అర్థశాస్త్రము

పదవతరగతి ఫలితములు వెలువడినంతనే మన తల్లిదండ్రులు బిడ్డలను ఇంజనీర్లనుగనో, వైద్యులనుగనో చేయు గ్రూపులను వెదకుదురు. అర్థశాస్త్రముతో గూడిన గ్రూపు మార్కులు చాలనివారికి మిగిలిన ఆశ్రయమని తలంచుట పరిపాటియైనది. పంటయు, అప్పును, పన్నును లేని సంసారము మనలో నున్నదా? వాని తత్త్వమును బోధించు శాస్త్రమునకే ఇట్టి అనాదరము కలుగుట శోచనీయము.

బోధనాపద్ధతియందును లోపము గలదు. ఆడం స్మిత్తు సంపద నిర్వచనము, మార్షలు శ్రేయో నిర్వచనము, 1932లో రాబిన్సు ప్రకటించిన కొరత నిర్వచనము, వానిపై విమర్శలు బాలుడు వరుస తప్పక వల్లించును. డిమాండు వ్యాకోచత్వమును గూర్చి వ్రాసి నిండుమార్కులు గొనును. పంట విరివిగ పండిన యేటనే తన తండ్రి ఏల నష్టపోయెనో మాత్రము చెప్పజాలడు.

మదనపల్లె టమాటా మార్కెట్టును చూడుడు. ధర సగమునకు దిగినను గృహిణి రెట్టింపు కాయలు కొనదు. సరుకు నాలుగునాళ్లు నిలువయుండదు. కావున రాబడి కొంచెము హెచ్చినను ధర మిక్కిలి పడిపోవును. కోతకూలియు బండి కిరాయియు గిట్టనినాడు రైతు పంటను త్రోవప్రక్కనే పారబోయును. వ్యాకోచత్వమనగా ఇదియే. దీని నెఱిగిన బాలుడు తలవ్రాతను నిందించి ఊరకుండడు. శీతల గిడ్డంగులు, రసము తీయు కర్మాగారములు చాలినన్ని ఏల లేవని ప్రశ్నించును.

అప్పు సంగతియు నిట్టిదే. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ వినుటకు స్వల్పముగ దోచును. ఏటేట చక్రవడ్డీ కట్టినచో 100 రూపాయలు నాలుగేండ్లలో 236 రూపాయలగును. ఈ లెక్క తెలియక చేజారిన పొలములెన్ని!

పూర్వులు ఈ విద్యను చిన్నచూపు చూడలేదు. కౌటిల్యుడు రాజ్యపాలనమును కోశముతో ముడివెట్టెను. దేశసంపద ఇంగ్లండునకు తరలిపోవు మార్గమును దాదాభాయి నౌరోజీ లెక్కలతో నిరూపించి 1901లో గ్రంథముగ ప్రకటించెను. అది జాతీయోద్యమమునకు ఆయుధమయ్యెను. కట్టమంచి రామలింగారెడ్డిగారు ఈ శాస్త్రమును తెనుగువారికి తెనుగుననే వ్రాసి యిచ్చిరి.

1989 నుండి పదునెనిమిదేండ్లు నిండినవారికి ఓటుహక్కు గలదు. ఇంటర్మీడియేటు ముగియు ఈడును ఇంచుమించుగ అదియే. అటుపిమ్మట వైద్యమునో, యంత్రవిద్యనో అభ్యసించువానికి ఈ శాస్త్రము తరగతిలో అంతగా తారసిల్లదు. ప్రభుత్వము చేయు అప్పును ఎవరు తీర్తురో, ఉచితముగ నిచ్చుచున్న దానికి మూల్య మెవరు చెల్లింతురో తెలియనివాడు ఓటును దేనినిబట్టి వేయును?

కావున ఏ గ్రూపువారికైనను అర్థశాస్త్రము కొంత నేర్పవలయును. అధ్యాపకులు విద్యార్థులను మార్కెట్టు యార్డునకు, సహకార సంఘమునకు గొనిపోయి అచ్చటి పద్దులను చదివింపవలయును. తల్లిదండ్రులును ఇంటి జమాఖర్చుల పుస్తకమును బిడ్డల ముందు విప్పవలయును. తన యింటి లెక్క తెలిసినవానికే దేశపు లెక్క అడుగు ధైర్యము కలుగును.