కందిరీగ దగ్గర నేర్చిన విద్య

కాగితం అనగానే నరికిన చెట్టు బొమ్మ కళ్ళ ముందు కదులుతుంది. బడి గోడల మీద పోస్టర్లు మనకలా నేర్పాయి. కానీ రెండు వేల ఏళ్ళ వయసున్న కాగితం కలపతో కాపురం పెట్టి నిండా రెండు వందల ఏళ్ళు కాలేదు. అంతకుముందు దాని పుట్టిల్లు చెత్తకుప్పే. చైనాలో సా.శ. 105లో త్సై లున్ అనే రాజోద్యోగి కాగితం తయారీని చక్కదిద్దాడంటారు. ఆయన వాడిన సరుకు చెట్ల బెరడు, జనపనార, చింకి గుడ్డలు, చిరిగిన చేపల వలలు.

యూరప్‌లోనూ చాలా కాలం గుడ్డపీలికలే గతి. అవి చాలక మిల్లులు అల్లాడుతున్న రోజుల్లో, 1719లో, రెయోమ్యూర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఓ కందిరీగ గూడును పరీక్షగా చూశాడు. అది ఎండు కర్రను గీకి, నమిలి, ఉమ్మితో కలిపి పలచటి పొరలుగా పరుస్తోంది. అచ్చం కాగితమే! ఈ పురుగుకు గుడ్డల అవసరం లేనప్పుడు మనకెందుకు అని ఆయన అడిగాడు. అడిగి ఊరుకున్నాడు, తయారుచెయ్యలేదు. 1760ల్లో షేఫర్ అనే జర్మన్ మతగురువు కందిరీగ గూళ్ళు, నాచు, బంగాళాదుంపలు, పైన్ కాయలు, ఏది దొరికితే దాన్ని నలగ్గొట్టి కాగితం చేసి చూశాడు. ఆ నమూనాలను తన పుస్తకాల్లోనే కుట్టించాడు. కెల్లర్ అనే జర్మన్ నేతగాడు కర్రను తిరగలి రాతికి అదిమి అరగదీసి గుజ్జు తీసే సరికి 1844 వచ్చింది. కందిరీగ పాఠం మనిషికి ఎక్కడానికి 125 ఏళ్ళు పట్టిందన్నమాట.

తొలి పాత పేపర్ల బేరం

రీసైక్లింగ్ నిన్న మొన్నటి ఆలోచన అనుకుంటాం. అచ్చయిన కాగితం నుంచి సిరా కడిగి మళ్ళీ కాగితం చేసే పద్ధతిని 1774లోనే జర్మనీలో క్లాప్రోత్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు ప్రచురించాడు. 1800లో లండన్‌లో మథయాస్ కూప్స్ గడ్డితో చేసిన కాగితం మీద పుస్తకమే అచ్చు వేశాడు. పెద్ద మిల్లు పెట్టి దివాలా తీశాడు. పర్యావరణం పేరున వ్యాపారం చేసి చేతులు కాల్చుకున్న తొలి వరసలో ఆయన్ని కూర్చోబెట్టవచ్చు.

మా ఇంట్లో రీసైక్లింగ్‌కు ఇంత పెద్ద పేరుండేది కాదు. ‘పాత పేపర్లు కొంటాం’ అనే కేక వినపడితే మా అమ్మ వాకిట్లోకొచ్చి నిలబడేది. ఆమె చూపు అతని మొహం మీద కాదు, స్ప్రింగు కాటా ముల్లు మీద. నోటు పుస్తకాల అట్టలు చింపి పక్కన పెట్టమని అతనూ, అట్టలతోనే తుయ్యమని ఆమే. అతని పట్టుదల వెనక ఒక కారణముంది. అట్ట వేరు, తెల్ల కాగితం వేరు, న్యూస్‌ప్రింటు వేరు. విడివిడిగా ఉంటేనే మిల్లులో ధర. కాగితంలోని పీచు మళ్ళీ మళ్ళీ నానబెట్టి చిలికిన కొద్దీ పొట్టిదై, బలహీనమవుతుంది. ఎప్పటికప్పుడు కొంత కొత్త పీచు కలపక తప్పదు. ఆ కొత్త పీచు ఎక్కడి నుంచి అన్నదే అసలు ప్రశ్న.

అగ్గువకు పోయిన వెదురు

కొత్త పీచు వేటలో సిగ్గుపడాల్సిన రికార్డు కూడా ఒకటుంది. 1958లో కర్ణాటకలోని దండేలి కాగితం మిల్లుకు ప్రభుత్వం అడవి వెదురు ఇచ్చిన ధర టన్ను రూపాయిన్నర! బుట్టలల్లే మేదర్లు బజార్లో కొనుక్కునే ధర దీనికి ఎన్నో వందల రెట్లు. వెదురు అంతరించిపోతోందని గోల లేచాక, 1970ల్లో పర్యావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ అడవిలోకి వెళ్ళి చూశారు. వెదురు పొద మొదట్లో ముళ్ళకంప అల్లుకుని ఉంటుంది. పొద బాగా పెరగాలని, నరకడానికి వీలుగా ఉంటుందని ఆ కంపను నిర్వాహకులు శుభ్రంగా కొట్టించేశారు. కంప పోగానే పశువులు, అడవి జంతువులు వచ్చి లేత వెదురు కొమ్ములను మేసేశాయి. కొత్త గడ లేవనే లేదు. ముల్లు ఎందుకుందో ఊళ్ళోవాళ్ళకు తెలుసు. శాస్త్రీయంగా నిర్వహిస్తున్నామనుకున్న వాళ్ళకే తెలియలేదు.

తర్వాత 1988 జాతీయ అటవీ విధానం వచ్చింది. మిల్లులు సహజ అడవుల మీద ఆధారపడకూడదనీ, రైతులకు మొక్కలిచ్చి, అప్పిప్పించి, వాళ్ళ చేత కలప పెంచుకోవాలనీ చెప్పింది. నన్నడిగితే కాగితం రంగంలో మన దేశపు పెద్ద విశేషం ఆ మలుపే.

పేరే కాగితమైన ఊరు

ఆ మలుపు తిరిగిన చోట్లలో ముఖ్యమైనవి మన దగ్గరే ఉన్నాయి. నిజాం కాలంలో, 1938లో, సిర్పూర్ పేపర్ మిల్స్ పుట్టి ఒక ఊరికి కాగజ్‌నగర్ అని పేరు పెట్టించింది. (తమిళనాడులో చెరకు పిప్పితో కాగితం చేసే మిల్లు ఉన్న ఊరు కాగితపురం. ఇద్దరం ఒకే నిఘంటువు తిరగేసినట్టున్నాం.) సిర్పూర్ మిల్లు 2014లో మూతపడింది, 2018లో చేతులు మారి మళ్ళీ తెరుచుకుంది. రాజమండ్రి మిల్లు గోదావరి జిల్లాల్లో సరుగుడు, సుబాబుల్ తోటలకు దారి చూపింది. భద్రాచలం దగ్గర సారపాక మిల్లు ‘భద్రాచలం క్లోన్లు’ అనే జామాయిల్ రకాలతో దేశమంతా పేరు తెచ్చుకుంది. విత్తనంతో పెంచిన తోటలో ఒక చెట్టు తాడిలా ఎత్తుగా, పక్కది పొట్టిగా పెరిగేవి. కొమ్మ ముక్క నాటి పెంచిన క్లోన్లు సైనికుల్లా ఒకే ఎత్తున లేస్తాయి. దిగుబడి విత్తనపు తోటకు రెండు మూడింతలు. ఈ మిల్లు నడిపే ఐటీసీ లెక్క ప్రకారం దాని వన కార్యక్రమాలు 10 లక్షల ఎకరాలు దాటాయి.

జామాయిల్ కోత చూసిన వాళ్ళకు ఆ వాసన తెలుసు. చెట్టు పడిన రోజే కూలీలు బెరడుకు గంటు పెట్టి, పై నుంచి కింది దాకా ఒక్క లాగున పట్టీలుగా ఒలుస్తారు. రెండు రోజులు ఆలస్యమైతే బెరడు కర్రకు అంటుకుపోతుంది. లారీ రాకపోతే రైతుకు ఇంకో గుబులు: దుంగ ఆరిన కొద్దీ కాటాలో తూకం పడిపోతుంది. మోడు నుంచి చెరకు కార్సిలా మళ్ళీ పిలకలొస్తాయి, నాలుగేళ్ళకో అయిదేళ్ళకో మళ్ళీ కోత. అందుకే మన కాగితం చాలా వరకు నరికిన అడవి కాదు, కోసిన పంట. అలాగని ఆ తోటను అడవి అనడమూ తప్పే. జామాయిల్ కింద గడ్డి సరిగ్గా మొలవదు, నీళ్ళు లాగేస్తుందనే ఫిర్యాదు ఊరూరా ఉంది. పంటకు పంట మర్యాదే ఇవ్వాలి, అడవి మర్యాద అడవిదే.

తన మంట తానే

ప్రపంచంలో ఒకే లైనుపై నడిచే అతి పెద్ద జామాయిల్ గుజ్జు మిల్లు బ్రెజిల్‌లో, రిబాస్ దో రియో పార్దో దగ్గర, 2024 జులైలో మొదలైంది. ఏడాదికి 25.5 లక్షల టన్నులు దాని సామర్థ్యం. కలపలో దాదాపు సగమే గుజ్జవుతుంది. మిగతాది నల్లటి చిక్కటి ద్రవంగా దిగుతుంది. ఒకప్పుడు ఏటిపాలయిన ఆ ద్రవాన్ని ఇప్పుడు బాయిలర్లో మండించి కరెంటు తీస్తారు, అందులోని రసాయనాలను తిరిగి రాబట్టుకుంటారు. ఫిన్లాండ్‌లో 2017లో మొదలైన ఆనెకోస్కి మిల్లు తనకు కావలసిన దానికి రెండింతల పైగా కరెంటు పుట్టిస్తుంది.

ఆ ద్రవం నలుపుకు కలపలోని లిగ్నిన్ అనే పదార్థం కారణం. దినపత్రిక ఎండలో పసుపెక్కడానికీ అదే కారణం. పాత పుస్తకం తెరిస్తే వచ్చే కమ్మటి వాసనలోనూ దాని వాటా ఉంది. నార్వేలో బోరెగార్డ్ సంస్థ స్ప్రూస్ కలపలోని లిగ్నిన్ నుంచి ఏకంగా వనిల్లా రుచినే తీస్తుంది. ఐస్‌క్రీం తింటూ ఈ ముక్క చెప్పండి, పిల్లలు నమ్మరు.

అతి నెమ్మది పుస్తకం

నేటి కాగితం యంత్రాలు నిమిషానికి 2,000 మీటర్ల వేగాన్ని అందుకున్నాయి. గంటకు 120 కిలోమీటర్లు! వాటి పక్కన ఓస్లో దగ్గరి నూర్డ్‌మార్కా అడవిలో ఒక తోటను నిలబెట్టి చూడండి. స్కాట్లాండ్ కళాకారిణి కేటీ ప్యాటర్సన్ 2014లో అక్కడ వెయ్యి స్ప్రూస్ మొక్కలు నాటించింది. ఏడాదికో రచయిత ఒక రచన ఇస్తారు, ఎవరూ చదవకూడదు. 2114లో ఈ చెట్లతోనే కాగితం చేసి అన్నీ కలిపి అచ్చు వేస్తారు. మొదటి రచన మార్గరెట్ అట్‌వుడ్ ఇచ్చింది. 2019లో కొరియా రచయిత్రి హాన్ కాంగ్ వంతు వచ్చింది. అయిదేళ్ళ తర్వాత నోబెల్ అందుకున్నది ఈమే. పొడవాటి తెల్ల గుడ్డను ఆ మొక్కల మధ్య నేల మీద ఈడ్చుకుంటూ నడిచి వచ్చి, ఆ గుడ్డలోనే రాతప్రతిని చుట్టి ముడివేసి అప్పగించింది. కొరియాలో పసిబిడ్డకు తొడిగేదీ, పోయినవారి కోసం కట్టేదీ తెల్ల గుడ్డేనట.