లెక్కల్లో కనపడని సబ్సిడీ

సౌర విద్యుత్తుకు ప్రభుత్వాలు ఎందుకు ఖర్చు పెట్టాలని అడిగేవారు ధరల చరిత్ర చూడాలి. 2010లో జాతీయ సోలార్ మిషన్ తొలి వేలంలో యూనిట్ ధర పది రూపాయలు దాటింది. 2017 ఏప్రిల్‌లో కడప సోలార్ పార్కుకు అది 3.15 రూపాయలు; మరుసటి నెల రాజస్థాన్‌లోని భడ్లాలో 2.44. ప్యానెళ్లు ప్రపంచమంతటా చవకవడమే ఇందుకు ప్రధాన కారణం. కానీ అవి ఖరీదుగా ఉన్న రోజుల్లో జర్మనీ వంటి దేశాల ప్రభుత్వాలు భారం మోయబట్టే ఉత్పత్తి పెరిగి ధర దిగింది.

బొగ్గు మాత్రం తన కాళ్ల మీద తాను నిలబడిందా? గంధకపు పొగను అదుపు చేయాలని కేంద్రం 2015 డిసెంబరులో నిబంధన తెచ్చింది. రెండేళ్ల గడువును పదేపదే పొడిగించి, 2025 జులైలో అత్యధిక ప్లాంట్లకు ఆ పొగను తగ్గించే పరికరాలు అక్కర్లేదంది. ఆ ఖర్చు మిగిలింది ప్లాంట్లకు. పొగ పీల్చాల్సింది చుట్టుపక్కల ఊళ్లు. నా దృష్టిలో ఇదీ సబ్సిడీయే, కాకపోతే ఏ బడ్జెట్‌లోనూ కనిపించదు. పైగా కరెంటు తీసుకోకపోయినా ఒప్పందం ప్రకారం విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కంలు) ఈ ప్లాంట్లకు స్థిర చార్జీలు కట్టాల్సిందే.

పొద్దు గుంకితే సోలార్ ఉండదన్న అభ్యంతరం న్యాయమైనదే. అందుకే బొగ్గు ప్లాంట్లన్నీ రేపే మూయాలని అనలేం. అయితే ప్రజాధనం ఇకమీదట ప్యానెళ్లకన్నా నిల్వకే ఎక్కువగా వెళ్లాలి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టు ఉద్దేశం అదే: పగటి మిగులు కరెంటుతో నీటిని పైకి ఎత్తి, సాయంత్రం కిందికి వదిలి విద్యుత్తు తీయడం. మరి సింగరేణి బొగ్గు గనుల కార్మికుల సంగతి? వారి కొత్త ఉపాధికి గనులు మూతపడ్డాక కాదు, ఇప్పుడే నిధి కేటాయించాలి.