కండ్ర రాళ్ళకు వయసు కట్టిన కథ

ఆత్మకూరు పాఠకుడొకరు ఉత్తరం రాశారు. యూనివర్సిటీ ఆచార్యులకు అవార్డు వచ్చిందనో, అంతర్జాతీయ పత్రికలో పేపరు పడిందనో జిల్లా పేజీల్లో చదువుతూనే ఉన్నామనీ, ఆ పేపర్లలో ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట గురించి ఎవరైనా ఒక్క ముక్కయినా కనిపెట్టారా అనీ ఆయన ప్రశ్న. అందులో కాస్త వెటకారం ఉంది. ఉన్నా సరే, జవాబు చెప్పకుండా ఉండలేను. కనిపెట్టారండీ. ఈ ప్రాంతంలో ఒకప్పుడు సముద్రం ఉండేదనీ, దాని అడుగు చెక్క ఒకటి ఇంకా నెల్లూరు జిల్లాలోనే పడి ఉందనీ, దాని వయసు 185 కోట్ల ఏళ్ళనీ.

కథ 1990లో మొదలైంది. ఉస్మానియా యూనివర్సిటీ భూగర్భశాస్త్ర ఆచార్యులు సి. లీలానందం 'కరెంట్ సైన్స్' పత్రికలో నాలుగు పేజీల వ్యాసం రాశారు. ఆత్మకూరుకు దక్షిణాన, జిల్లా దిగువ భాగంలో కండ్ర అనే చోట ఉన్న నల్లటి అగ్నిశిలలు ఒఫియోలైటు కావచ్చునా అని అడిగారు. శీర్షికలోనే ప్రశ్నార్థకం పెట్టారు. ఆ ప్రశ్నార్థకం తీసెయ్యడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. ఎందుకు పట్టిందన్నదే అసలు విషయం.

ముందు ప్రాథమికాలు గబగబా చెప్పేస్తాను. సముద్రం అడుగున భూమి పైపొర చీలినచోట కిందినుంచి కరిగిన రాయి ఎగదన్నుతుంది. లోతులోనే నింపాదిగా చల్లారింది గాబ్రో అవుతుంది. దాని పైన, చీలికల్లో నిలువుగా గడ్డకట్టిన గోడల వరస. వాటిని డైకులంటారు. ఒక డైకు నడిమికి చీలుతుంది, ఆ చీలికలోకి మరో డైకు దూరుతుంది, అదీ చీలుతుంది. చివరికి పక్కరాయంటూ లేకుండా అంతా డైకులే మిగులుతాయి. నేల ఆగకుండా విడిపోతూ పోతేనే ఇలా జరుగుతుంది. ఆ పైన, లావా నేరుగా సముద్రపు నీళ్ళలోకి పొంగి, తాకగానే పైపెంకు గట్టిపడి, దిండ్లు పేర్చినట్టు గుండ్రటి ముద్దలుగా పేరుకుంటుంది. ఈ మూడంతస్తులూ ఇదే వరుసలో నేల మీద దొరికితే దాన్ని ఒఫియోలైటు అంటారు. 1972లో అమెరికాలో జరిగిన పెన్‌రోజ్ సమావేశంలో ఒఫియోలైటుకు నిర్వచనం ఖాయమైంది. కండ్రలో గాబ్రో ఉంది, డైకుల వరస ఉంది, దిండు లావా ఉంది.

అయితే సముద్రపు అడుగు నేల మీదికెందుకొచ్చింది? రెండు భూఖండాలు దగ్గరవుతుంటే నడుమనున్న సముద్రపు నేల ఒకదాని కిందికి దూరిపోతుంది. అంతా దూరదు. ఎక్కడో ఒక చెక్క తెగి, ఒడ్డు మీదికి ఎక్కి కూర్చుంటుంది. పశ్చిమ నెల్లూరంతా అలాంటి తొక్కిసలాట జరిగిన నేలే. కండ్ర ఉన్నది నెల్లూరు శిస్టు పట్టీ అనే శిలల పట్టీలో. దాంట్లో రెండు సముదాయాలకు భూగర్భశాస్త్రజ్ఞులు పెట్టిన పేర్లు వింటే ఆ ఊళ్ళవాళ్ళకు ముచ్చటగా ఉంటుంది: కింద ఉన్నది వింజమూరు సముదాయం, పైన ఉన్నది ఉదయగిరి సముదాయం. 3,079 అడుగుల ఉదయగిరి దుర్గాన్ని లొంగదీయడానికి శ్రీకృష్ణదేవరాయలకు ఏడాదిన్నర ముట్టడి అవసరమైందని చెప్పుకుంటాం. ఇక్కడి నేల చూసిన ముట్టడి ముందు అది లెక్కలోకి రాదు. ఈ పట్టీ మొత్తం పడమటికి జరిగి, వెలిగొండల వెంబడి కడప శిలల మీదికి ఎక్కింది. అంటే పాత రాయి కొత్త రాయి మీద కూర్చుంది. 1970లలో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కావలి నుంచి కర్ణాటకలోని ఉడిపి దాకా గీత గీసి, దారి పొడుగునా మందుగుండు పేల్చి, భూమిలోపలినుంచి తిరిగొచ్చిన కంపనాలు పట్టింది. దేశంలో ఈ రకం లోతైన పరిశీలన అదే మొదటిది. కడప శిలల తూర్పు అంచు వాలుగా తూర్పుకేసి దిగిపోయిందని, పై రాళ్ళు దాని మీదుగా జారి ఎక్కాయని అందులో తేలింది.

ఇక వయసు. నాకు ఇష్టమైన చోటుకొచ్చాం, ఇక్కడినుంచి నేను తొందరపడను.

రాయి వయసు చెప్పే సాక్షి జిర్కాన్ అనే స్ఫటికం. జిర్కోనియం, సిలికాన్, ఆక్సిజన్ కలిసి ఏర్పడే ఇది సాధారణంగా మిల్లీమీటరులో పదోవంతు ఉంటుంది. కరగదు, అరగదు, రాయి పొడైపోయినా ఇది మిగులుతుంది. కరిగిన రాయిలో ఈ స్ఫటికం పెరిగేటప్పుడు జిర్కోనియం అణువులు కూర్చోవాల్సిన చోట్లలో కొన్నిటిని యురేనియం ఆక్రమిస్తుంది. రెండింటి ఆవేశం ఒక్కటే, పరిమాణంలోనూ పెద్ద తేడా లేదు. సీసానికి మాత్రం చోటు దొరకదు, దాని ఆవేశం వేరు, ఒళ్ళు పెద్దది. అందువల్ల పుట్టినరోజున జిర్కాన్‌లో యురేనియం ఉంటుంది, సీసం దాదాపు ఉండదు. తర్వాత దాంట్లో కనిపించిన సీసమంతా యురేనియం క్షీణించి తయారైందే. ఇంత శుభ్రంగా సున్నాతో మొదలయ్యే ఖాతా ప్రకృతిలో ఇంకోటి నాకు కనిపించలేదు.

అందమంతా ఆ యురేనియం రెండు రకాలుగా ఉండటంలో ఉంది. యురేనియం-238లో సగం క్షీణించడానికి 447 కోట్ల ఏళ్ళు పడుతుంది, అది సీసం-206 అవుతుంది. యురేనియం-235లో సగానికి 70 కోట్ల ఏళ్ళే చాలు, అది సీసం-207 అవుతుంది. అంటే ఒకే రవ్వలో రెండు గడియారాలు, ఒకటి నిదానం, ఒకటి వడి. ఒకదాని తప్పు ఇంకొకటి పట్టిస్తుంది.

కండ్ర వయసుకే లెక్క వేసి చూద్దాం. 185 కోట్ల ఏళ్ళ క్రితం ఒక్కో రకానికి నూరేసి అణువులు ఉన్నాయనుకోండి. నిదానపు గడియారంలో ఇప్పటికి 25 సీసమై, 75 యురేనియంగానే ఉంటాయి. వడి గడియారంలో 84 సీసమై, 16 మాత్రమే మిగులుతాయి. ప్రయోగశాలలో కొలిచినప్పుడు ఒకటి 25 అనీ రెండోది 84 అనీ చూపిస్తే, రెండూ ఒకే వయసుకు సాక్ష్యం చెప్పినట్టు. 

మరి గడియారం పాడైతే? రాయి మళ్ళీ వేడెక్కితే జిర్కాన్‌లోంచి సీసం కొంత బయటికి పోతుంది. అప్పుడు రెండు గడియారాలూ తక్కువ వయసు చెబుతాయి, పైగా వేర్వేరు వయసులు చెబుతాయి. 1956లో జార్జ్ వెదరిల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఈ చిక్కును గ్రాఫు మీద పెట్టి విప్పారు. పోయే సీసంలో 206, 207 అని తేడా ఉండదు, రసాయనికంగా రెండూ ఒకటే గనక. కుండకు చిల్లుపడితే మజ్జిగ తగ్గుతుందిగానీ మిగిలినదాంట్లో ఉప్పు పాళ్ళు మారతాయా? ఇదీ అంతే. కొంచెం సీసం పోగొట్టుకున్న రవ్వలు, ఎక్కువ పోగొట్టుకున్న రవ్వలు అన్నీ గ్రాఫు మీద ఒకే గీతన వరసకడతాయి. ఆ గీతను పైకి పొడిగిస్తే, రెండు గడియారాలూ ఏకీభవించే వంపును అది తాకిన బిందువే రాయి పుట్టిన వయసు. కింది కొస సీసం పోయిన కాలాన్ని సూచించవచ్చు. ఆగిపోయిన గడియారం ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు దెబ్బతిందో రెండూ చెప్పడం నాకు ఇప్పటికీ వింతే.

ఈ లెక్క దొరకనంతకాలం మహామహులు తప్పటడుగులు వేశారు. బ్రిటిష్ భౌతికశాస్త్రజ్ఞుడు కెల్విన్ 1862లో భూమి చల్లారిన లెక్క చూసి వయసు 2 కోట్లనుంచి 40 కోట్ల ఏళ్ళ మధ్య అన్నాడు. 1897కల్లా 2 నుంచి 4 కోట్లకు దించేశాడు. గణితంలో తప్పులేదు, భూమి లోపల ఏం జరుగుతుందన్న ఊహలోనే ఉంది తప్పు. ఐరిష్ శాస్త్రజ్ఞుడు జాన్ జోలీ సముద్రపు ఉప్పుతో లెక్కగట్టి 9 కోట్లకు కాస్త అటూ ఇటూ అన్నాడు. విచిత్రమేమంటే నల్ల అభ్రకంలో జిర్కాన్ రవ్వల చుట్టూ కనిపించే నల్లటి వలయాలు రేడియోధార్మికత గుర్తులని 1907లో చెప్పింది కూడా ఇదే జోలీ. సాక్ష్యం ఆయన సూక్ష్మదర్శిని కిందే ఉంది. 1911లో ఆర్థర్ హోమ్స్ అనే కుర్రవాడు యురేనియం, సీసం పాళ్ళు కొలిచి నార్వే రాయి ఒకటి 37 కోట్ల ఏళ్ళదని తేల్చేశాడు. మన దగ్గర ఈ దారి పట్టినవారు ఆంధ్ర విశ్వవిద్యాలయంవాళ్ళు. సి.వి. రామన్ శిష్యుడు సి. మహదేవన్ అక్కడ భూగర్భశాస్త్ర శాఖను నడిపారు. ఉప్పుగుండూరి అశ్వత్థనారాయణ 1964లో తూర్పు కనుమల, కడప శిలల వయసులు ఒక అమెరికన్ పత్రికలో ప్రచురించారు.

మళ్ళీ కండ్రకు వద్దాం. వంద కోట్ల ఏళ్ళు దాటిన ఒఫియోలైటులు ప్రపంచంలో చాలా అరుదు. ఫిన్లండ్‌లోని యోర్ముఆ, కెనడాలోని పుర్టునిక్ లాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కాబట్టి ఎవరైనా ఇంకోటి దొరికిందంటే పండితులు కళ్ళద్దాలు సవరించుకుంటారు. వాళ్ళ అనుమానానికీ కారణముంది. 2001లో చైనాలోని డోంగ్వాన్జీ దగ్గర 250 కోట్ల ఏళ్ళ ఒఫియోలైటు దొరికిందని 'సైన్స్' పత్రికలో వచ్చింది. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. 2007లో మరో బృందం అదే శిలా సముదాయం జిర్కాన్‌లు కొలిస్తే వయసు సుమారు 30 కోట్లు వచ్చింది. ఇంకో మెలిక కూడా ఉంది: అట్లాంటిక్ మధ్య కొండల వరసలో, నిన్నగాక మొన్న పుట్టిన సముద్రపు నేల రాళ్ళలో 33 కోట్ల ఏళ్ళ జిర్కాన్‌లు దొరికాయని 1998లో బయటపడింది. అవి అక్కడ పుట్టినవి కావు, పాత నేలనుంచి కొట్టుకొచ్చి చిక్కుకున్నవి. రవ్వ వయసే రాయి వయసనుకుంటే ఇలాంటి బోల్తాలు తప్పవు.

అందుకే ఆ ప్రశ్నార్థకం ఇరవై ఏళ్ళు నిలిచింది. లీలానందం వదల్లేదు. నాందేడ్‌లోని స్వామి రామానంద తీర్థ మరాఠ్వాడా యూనివర్సిటీ ఆచార్యులు కె. విజయ కుమార్, స్టాన్‌ఫర్డ్‌కు చెందిన గ్యారీ ఎర్న్‌స్ట్, మరికొందరు కలిశారు. జిర్కాన్‌లను ష్రింప్ అనే యంత్రంలో పెట్టారు. కాన్‌బెరాలో బిల్ కాంప్‌స్టన్ బృందం తయారుచేసిన ఈ యంత్రం ఆక్సిజన్ అయానుల పుంజంతో రవ్వ మీద మిల్లీమీటరులో నలభయ్యో వంతు మేర ఒక చిన్న గుంట తవ్వుతుంది, అందులోంచి ఎగిరిన అణువులను బరువు ప్రకారం విడదీసి లెక్కిస్తుంది. రవ్వ మధ్య భాగం ఒక కాలంలో, అంచు ఇంకో కాలంలో పెరిగితే రెండింటికీ విడివిడిగా వయసు కట్టొచ్చు. రవ్వ మొత్తం కరగబెట్టి కొలిచే పాత పద్ధతిలో ఈ తేడా కలగాపులగమై పోయేది. 185 కోట్లు వచ్చింది. 2010లో 'టెక్టనోఫిజిక్స్' పత్రికలో అచ్చయిన ఆ వ్యాసం శీర్షికలో ప్రశ్నార్థకం లేదు. ఒకప్పుడు దక్షిణ భూఖండాలన్నీ కలిసి ఉన్న గోండ్వానాలో ఆ కాలపు ఒఫియోలైటు ఇదే మొదటిదని రాశారు.

మరుసటి ఏడు ఇంకో కబురు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా నెల్లూరులోనే ఉన్న కనిగిరి దగ్గర, సముద్రపు నేల ముక్కలు చెక్కలై కలిసిపోయిన రాళ్ళకు సి.వి. ధర్మారావు, ఎం. సంతోష్ బృందం 133 కోట్ల ఏళ్ళ వయసు కట్టింది. ఈ సంతోష్‌గారే 2002లో జాన్ రోజర్స్‌తో కలిసి, దాదాపు భూఖండాలన్నీ ఒక్కటిగా ఉన్న అతి పురాతన మహాఖండానికి కొలంబియా అని పేరు పెట్టారు. అమెరికా పడమటి వైపున్న కొలంబియా నదీ ప్రాంతానికీ మన తూర్పు తీరానికీ అప్పట్లో లంకె ఉందని వాళ్ళ ఊహ. కండ్రకూ కనిగిరికీ నడుమ యాభై కోట్ల ఏళ్ళకు పైగా తేడా ఉంది. అంటే ఇక్కడ సముద్రం ఒకసారి మూసుకుని ఊరుకోలేదన్నమాట. రెండూ వేర్వేరు సముద్రాలా, ఒకటే ఎక్కువకాలం బతికిందా అన్నది ఇంకా తేలాల్సిన లెక్క. నా ఓటు మొదటిదానికే. యాభై కోట్ల ఏళ్ళు ఏ సముద్రానికైనా మరీ ఎక్కువ ఆయుష్షు. ఈనాటి సముద్రాల అడుగు దాదాపు ఎక్కడా 20 కోట్ల ఏళ్ళు దాటదు.

ఇదంతా దేనికి పనికొస్తుందని అడిగేవాళ్ళు ఉంటారు, ఎప్పుడూ ఉంటారు. నెల్లూరు అభ్రకం వ్యాపారం చేసినవాళ్ళు ఈ పట్టీ రాళ్ళనే తవ్వుకున్నారు, వయసు ఎవరూ అడగలేదు. ఉదయగిరి వైపు బోరునీళ్ళలో ఫ్లోరైడు ఎందుకుందో తెలియాలన్నా చివరికి రాళ్ళ దగ్గరికే వెళ్ళాలి. ఇంతకుమించి ఉపయోగాల జాబితా నన్ను అడగొద్దు. సముద్రం ఎక్కడుందో తెలిసింది, చాలదా?

ఒక్కటి మాత్రం అడుగుతాను. చిత్రదుర్గ దగ్గర మరడిహళ్ళిలో ఇలాంటి దిండు లావాను భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ చిహ్నంగా ప్రకటించి కాపాడుతోంది. ఆంధ్రప్రదేశ్‌నుంచి ఆ జాబితాలో తిరుమల శిలాతోరణం, మంగంపేట బెరైటీసు, విశాఖ ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. కండ్ర లేదు. ఉదయగిరి, ఆత్మకూరు కళాశాలల అధ్యాపకులు సంతకాలు పెట్టి ఒక అర్జీ పంపితే బాగుంటుంది, క్వారీవాళ్ళు రాకముందే.