సిలువపై అభిషిక్తుడు: మెస్సీయ గుర్తింపులో క్రైస్తవ విశ్వాసం తెచ్చిన అర్థపరిణామం

వ్యాససంగ్రహం

‘మెస్సీయ’ అనే హీబ్రూ మూలపదానికి ‘అభిషిక్తుడు’ అని అర్థం. ప్రాచీన ఇశ్రాయేలులో రాజులకూ యాజకులకూ వాడిన ఈ పదం, రోమన్ అధికారం సిలువ వేసిన నజరేయుడైన యేసుకు బిరుదై, క్రమంగా ఆయన పేరులో భాగమైపోయింది. ఆనాటి యూదుల నిరీక్షణలలో దేనికీ పూర్తిగా సరిపోని వ్యక్తిని తొలి క్రైస్తవులు మెస్సీయగా ఎలా గుర్తించారు, ఆ గుర్తింపు పదం అర్థాన్నే ఎలా మార్చింది, ఆ మార్పు తెలుగు బైబిలు పాఠకునికి ఎంతవరకు కనిపిస్తుంది అన్న అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మెస్సీయ, అభిషిక్తుడు, క్రీస్తు, సిలువ, యూదు నిరీక్షణ, తెలుగు బైబిలు

ప్రవేశిక

మత్తయి సువార్త పదకొండవ అధ్యాయంలో, చెరసాలలో ఉన్న బాప్తిస్మమిచ్చు యోహాను తన శిష్యులను పంపి యేసును ఒక ప్రశ్న అడిగిస్తాడు. రావలసినవాడు ఆయనేనా, లేక మరొకరి కోసం ఎదురుచూడాలా అన్నది ఆ ప్రశ్న. యేసు అవునని గాని, కాదని గాని చెప్పడు. గుడ్డివారికి చూపు వస్తున్నది, కుంటివారు నడుస్తున్నారు, బీదలకు సువార్త అందుతున్నది. కన్నవీ విన్నవీ వెళ్ళి యోహానుకు తెలపమంటాడు. ఈ జవాబులో యెషయా గ్రంథపు మాటలు ప్రతిధ్వనిస్తాయి. కాని అందులో యుద్ధం లేదు, సింహాసనం లేదు. యెషయా 61వ అధ్యాయంలో ప్రముఖంగా కనిపించే ‘చెరలో ఉన్నవారికి విడుదల’ కూడా లేదు. అడిగినవాడు చెరలోనే ప్రాణం విడిచాడు.

యేసే మెస్సీయ అన్నది క్రైస్తవ విశ్వాసానికి మూలవాక్యం. రెండువేల ఏళ్ళ పరిచయం వల్ల ఈ వాక్యం ఎంత అసాధారణమైనదో ఇప్పుడు స్ఫురించడం లేదు. మెస్సీయకు ముందే స్థిరమైన నిర్వచనం ఒకటి ఉన్నదనీ, యేసు దానికి అక్షరాలా సరిపోయాడనీ, యూదులు మాత్రం దానిని గుర్తించలేకపోయారనీ చెప్పే వాదం బోధనలో తరచు వినిపిస్తుంది. చారిత్రక ఆధారాలు ఈ క్రమాన్ని సమర్థించవు. జరిగినది దాదాపు దీనికి విపర్యయం. యేసు జీవితం, మరణం, ఆయన పునరుత్థానంపై విశ్వాసం ముందు వచ్చాయి; వాటి వెలుగులో మెస్సీయ అనే పదానికి కొత్త నిర్వచనం ఏర్పడింది.

అభిషేకం నుండి నిరీక్షణకు

హీబ్రూలో ‘మాషియహ్’ అంటే నూనెతో అభిషేకించబడినవాడు. అరమాయిక్‌లో ఇది ‘మెషీహా’. గ్రీకు అనువాదకులు దీనిని ‘క్రిస్టోస్’ అన్నారు. సమూయేలు మొదట సౌలు తలమీద, తరువాత దావీదు తలమీద నూనె పోసిన ఘట్టాలు ప్రసిద్ధాలే. పట్టాభిషేకమనే మాట తెలిసిన తెలుగు పాఠకునికి రాజ్యాధికారానికీ అభిషేకానికీ గల సంబంధాన్ని ప్రత్యేకంగా వివరించనక్కరలేదు. ఇక్కడ జలానికి బదులు తైలం అన్నదే భేదం. ప్రధాన యాజకునికీ అభిషేకం ఉన్నది. యెషయా 45వ అధ్యాయంలోనైతే ఇశ్రాయేలీయుడే కాని పారశీక చక్రవర్తి కోరెషును సైతం దేవుడు తన అభిషిక్తునిగా పేర్కొంటాడు.

హీబ్రూ బైబిలులో ఈ నామపదం నలభై సార్లకు లోపే కనిపిస్తుంది. ఎక్కువ చోట్ల అది అప్పటికి పాలిస్తున్న రాజునో, పదవిలో ఉన్న యాజకునో సూచిస్తుంది. అంత్యకాలంలో రాబోయే రక్షకునికి స్థిరపడిన పారిభాషిక పదంగా అది ఆ గ్రంథాలలో ఇంకా రూపుదిద్దుకోలేదు. దానియేలు 9వ అధ్యాయంలోని ప్రయోగం మీద మాత్రం చర్చ ఉన్నది. నిరీక్షణకు బీజం మరొకచోట పడింది. దావీదు సింహాసనం నిత్యం నిలుస్తుందని నాతాను ప్రవక్త పలికిన వాగ్దానం రెండవ సమూయేలు గ్రంథం 7వ అధ్యాయంలో ఉన్నది. క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను సేనలు యెరూషలేమును నాశనం చేయడంతో ఆ సింహాసనం ఖాళీ అయింది. వాగ్దానం మిగిలింది, రాజు మిగలలేదు. ఈ ఖాళీలోనే రాబోయే అభిషిక్తుని గురించిన ఆశ పెరిగింది.

ఆ ఆశ ఒకే రూపంలో పెరగలేదు. క్రీ.పూ. 63లో పాంపే యెరూషలేమును ఆక్రమించిన తరువాతి కాలపు ‘సొలొమోను కీర్తనలు’ అనే రచనలో పదిహేడవ కీర్తన, అన్యజనులను వెళ్ళగొట్టి పరిశుద్ధ నగరాన్ని శుద్ధి చేసే దావీదు కుమారుణ్ణి కోరుకుంటుంది. మృతసముద్ర తీరంలో 1947 నుండి బయటపడిన కుమ్రాన్ ప్రతులలోని సమాజ నియమావళి ఒక ప్రవక్తతో పాటు ఇద్దరు అభిషిక్తులను, అంటే అహరోను వంశపు యాజకుణ్ణీ ఇశ్రాయేలు రాజునూ, ఎదురుచూస్తుంది. హనోకు పేరిట ఉన్న మొదటి గ్రంథంలో లోకసృష్టికి ముందే దేవునిచే పేరు పొందిన మనుష్యకుమారుడు అభిషిక్తుడనిపించుకుంటాడు. వీటిలో దేనిని ‘యూదుల మెస్సీయ భావన’ అని ఏకవచనంలో చెప్పగలం? అయినా ఈ చిత్రాలన్నిటిలో ఒక పోలిక ఉన్నది. అభిషిక్తుడు వస్తే దుష్టుల ఏలుబడి ముగుస్తుంది.

క్రీ.శ. 132-135 మధ్య రోమ్‌పై తిరుగుబాటు నడిపిన బార్ కోఖ్బాను రబ్బీ అకీబా మెస్సీయగా ప్రకటించినట్లు యెరూషలేము తల్మూదు ఒక సంప్రదాయాన్ని భద్రపరచింది. తిరుగుబాటు అణగిపోయింది, నాయకుడు మరణించాడు. ఆయన మరణంతో ఆయన మెస్సీయత్వమూ ముగిసింది. మరణించిన అభ్యర్థి విషయంలో ఇదే సహజమైన తీర్పు.

సిలువ ఫలకం

యేసు విషయంలో ఆ తీర్పు ఎందుకు అమలు కాలేదన్నదే అసలు ప్రశ్న. సిలువ మరణం కేవలం ఓటమి కాదు. మ్రానుమీద వ్రేలాడదీయబడినవానిని ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయం దేవుని శాపానికి గురైనవానిగా చెబుతుంది. పౌలు ఈ చిక్కును దాచలేదు. గలతీయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయంలో ఈ శాపవాక్యాన్నే చేతికి తీసుకొని, క్రీస్తు ఇతరుల కోసం శాపాన్ని భరించాడని వాదించాడు. సిలువ వేయబడిన క్రీస్తు అన్న ప్రకటన యూదులకు ఆటంకంగా, అన్యులకు వెర్రితనంగా తోస్తున్నదని మొదటి కొరింథీ పత్రికలో ఆయనే అంగీకరించాడు.

పునరుత్థాన విశ్వాసమే యేసును మెస్సీయను చేసిందన్నది సాధారణంగా ఇచ్చే సమాధానం. నార్వే పండితుడు నిల్స్ డాల్ 1960లో ప్రచురించిన ‘సిలువ వేయబడిన మెస్సీయ’ అనే వ్యాసంలో ఈ సమాధానం చాలదని చూపాడు. ఒకడు మృతులలోనుండి లేచాడని నమ్మినంత మాత్రాన అతడు మెస్సీయ అన్న నిర్ణయం రాదు. యూదు గ్రంథాలలో ఆ రెంటికీ అలాంటి అనివార్య సంబంధం లేదు. హనోకు, ఏలీయా పరలోకానికి కొనిపోబడ్డారు గాని వారిని ఎవరూ ఆ కారణాన మెస్సీయ అనలేదు. డాల్ దృష్టి సిలువమీది ఫలకంపై నిలిచింది. నాలుగు సువార్తలూ స్వల్ప భేదాలతో ఆ నేరారోపణను ‘యూదుల రాజు’ అనే నమోదు చేశాయి. ఇది క్రైస్తవులు తమకై తాము అల్లుకున్న బిరుదు కాదు; వారి ప్రార్థనలలో గాని, బోధలో గాని ఈ మాట ప్రచారంలో లేదు. రోమన్ అధికారి దృష్టిలో యేసు రాజ్యాధికారం కోరిన నేరస్థుడు. ఆ ఆరోపణ మీదనే చంపబడినవానిని దేవుడు లేపాడని శిష్యులు నమ్మినప్పుడు, ఆరోపణే సత్యమని దేవుడు తీర్పు తిరగరాసినట్లయింది. పిలాతు ఎగతాళిగా రాయించినది విశ్వాసానికి శీర్షిక అయింది. డాల్ వాదంలోని బలం ఇక్కడే ఉన్నది. మెస్సీయ పదం సిలువతో విడదీయరానిదిగా ఎందుకు మారిందో ఇది వివరించగలుగుతుంది. పునరుత్థానాన్ని మాత్రమే ఆధారం చేసుకున్న వివరణ అది చేయలేదు.

మార్కు సువార్త నిర్మాణం దీనికి అనుగుణంగానే ఉన్నది. 8వ అధ్యాయంలో కైసరయ ఫిలిప్పీ ప్రాంతంలో పేతురు యేసును క్రీస్తుగా ఒప్పుకుంటాడు. ఆ మాట ఎవరితోనూ చెప్పవద్దని యేసు హెచ్చరించి, వెంటనే తన శ్రమల గురించి చెబుతాడు. అడ్డుచెప్పిన పేతురు తీవ్రమైన గద్దింపుకు గురవుతాడు. బిరుదు సరైనదే, బిరుదుకు పేతురు ఇచ్చుకున్న అర్థం సరైనది కాదు. ఈ మౌనాదేశాలను విలియం వ్రేడె 1901లో ‘మెస్సీయ రహస్యం’ అని పేరుపెట్టి, ఇవి చరిత్ర కన్నా తొలి సంఘపు వేదాంత దృష్టిని ప్రతిబింబిస్తాయని వాదించాడు. ఆయన నిర్ణయాన్ని అందరూ ఒప్పుకోలేదు. కథనంలో మాత్రం ఒక విషయం స్పష్టం: యేసు ఈ బిరుదును బాహాటంగా అంగీకరించేది 14వ అధ్యాయంలో, బంధితుడై ప్రధాన యాజకుని ఎదుట నిలిచినప్పుడు. ఇక ఆ మాటను అపార్థం చేసుకొనే అవకాశం లేదు.

పాత గ్రంథాలు, కొత్త పఠనం

లూకా సువార్త చివరి అధ్యాయంలో ఎమ్మాయు దారిన నడుస్తున్న ఇద్దరు శిష్యులు, ఇశ్రాయేలును విమోచించేవాడు ఆయనే అని తాము ఆశించామని భూతకాలంలో చెబుతారు. తోడుగా నడుస్తున్న అపరిచితుడు క్రీస్తు శ్రమపడటం అవసరమేనని లేఖనాల నుండి వివరిస్తాడు. ఆ పునఃపఠనం ఎలా సాగిందో చూపే ఉత్తమ ఉదాహరణ యెషయా 53. అందులో ఇతరుల దోషాలను భరించి వధకు తేబడిన గొఱ్ఱెపిల్ల వంటి సేవకుడు ఉన్నాడు. ‘అభిషిక్తుడు’ అనే మాట లేదు. అదే గ్రంథంలోని 41, 44 అధ్యాయాలలో సేవకుడంటే ఇశ్రాయేలు జనమే. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియొపీయుడు ఫిలిప్పును అడిగినది సరిగ్గా ఈ సందేహాన్నే: ప్రవక్త చెబుతున్నది తన గురించా, వేరొకరి గురించా? విశేషమేమిటంటే యూదుల అరమాయిక్ అనువాదమైన యోనాతాను తర్గూము ఈ భాగంలోని సేవకుణ్ణి మెస్సీయ అనే చెబుతుంది, కాని అతని బాధలను ఇతరుల మీదికి మళ్ళిస్తుంది. క్రైస్తవులు శ్రమను నిలుపుకొని మెస్సీయను చేర్చారు. తర్గూము మెస్సీయను చేర్చి శ్రమను తప్పించింది. ఒకే పాఠ్యం నుండి రెండు సముదాయాలు తమ తమ అనుభవానికి తగినదాన్ని గ్రహించాయి.

క్రొత్త నిబంధనలో అత్యధికంగా ఉదాహరించబడిన పాత నిబంధన వచనం 110వ కీర్తన మొదటి వచనం. దేవుని కుడిపార్శ్వాన కూర్చున్న ప్రభువు అనే ఆ చిత్రం ద్వారా, భూమిపై కనబడని రాజ్యాధికారాన్ని పరలోకంలో చూపడం సాధ్యమైంది. మెస్సీయకు దైవత్వం ఆపాదించడానికి కూడా ఇది ఒక ముఖ్యమైన మెట్టు. అపొస్తలుల కార్యములు 2:36లో దేవుడు యేసును ప్రభువుగానూ క్రీస్తుగానూ నియమించాడని ఉన్నది. మార్కు కథనం బాప్తిస్మ ఘట్టంతోను, మత్తయి, లూకా జననంతోను, యోహాను సృష్టికి పూర్వపు వాక్యంతోను ఆరంభమవుతాయి. దీనిని మెల్లగా వెనుకకు జరిగిన సరళమైన పరిణామరేఖగా గీయాలని అనిపిస్తుంది. ఫిలిప్పీ పత్రిక 2వ అధ్యాయం ఆ రేఖను నిలువనీయదు: సువార్తలకన్నా ముందటి ఆ పత్రికలోనే, దైవస్వరూపం కలిగి ఉండి తన్ను తాను రిక్తుణ్ణి చేసుకున్న క్రీస్తు కనిపిస్తాడు. యేసు మెస్సీయే గాని మానవుడు మాత్రమేనన్న ఎబియోనీయుల వంటి యూదుక్రైస్తవులూ ఉండేవారు. 325లో నికయా, 451లో కల్కెదోను మహాసభలు దైవమానవ స్వభావాల గురించి నిర్ణయాలు చేసే నాటికి, చర్చ భాష గ్రీకు తత్త్వశాస్త్రానిది; దావీదు సింహాసనం నేపథ్యంలోకి జారిపోయింది.

బిరుదు పేరైన తీరు

పౌలు స్వయంగా రాసినవిగా అందరూ అంగీకరించే పత్రికలలో ‘క్రిస్టోస్’ పదం రెండువందల యాభై సార్లకు పైగా వస్తుంది. అది అప్పటికే అర్థం అరిగిపోయిన పేరు మాత్రమేనని కొందరన్నారు. 2012లో మాథ్యూ నొవెన్‌సన్ దీనిని పేరూ కాని, మామూలు బిరుదూ కాని గౌరవనామంగా వివరించాడు. ఔగుస్తు వంటిది అన్నమాట. తెలుగువారికి ఈ వర్గం సుపరిచితం. ‘రాయలు’ అంటే ఎందరో రాజులకు చెల్లే మాటే అయినా కృష్ణదేవరాయలే స్ఫురిస్తాడు. ‘బుద్ధుడు’ అంటే జ్ఞాని అన్న అర్థం పోకుండానే సిద్ధార్థుణ్ణి సూచిస్తుంది.

తెలుగు బైబిలులో మాత్రం ఒక తెగిన దారం ఉన్నది. గ్రీకు పాఠకునికి రెండవ కీర్తనలోనూ సువార్తలలోనూ ఒకే ‘క్రిస్టోస్’ కనిపిస్తుంది. వాడుకలో ఉన్న తెలుగు అనువాదంలో రెండవ కీర్తనలో ‘అభిషిక్తుడు’ ఉండగా, అదే వచనాన్ని ఉదాహరించే అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయంలో ‘క్రీస్తు’ ఉన్నది. వచనం ఒకటే, మాటలు రెండు. అనువాదకుల ఎంపికకు తగిన కారణం లేకపోలేదు: ‘క్రీస్తు’ అప్పటికే ఆరాధనలో స్థిరపడిన నామం. అయినా దీనివల్ల జషువ ‘క్రీస్తు చరిత్ర’ చదివే పాఠకునికి శీర్షికలోని మాట ఒక వాదాన్ని మోస్తున్నదని తట్టదు. తరగతిలో పాత నిబంధన పాఠ్యాన్ని బోధించేటప్పుడు ఈ రెండు మాటలను పక్కపక్కన ఉంచి చూపడం అవసరం.

రాజ్యం ఎప్పుడు?

రెండవ శతాబ్ది మధ్యభాగంలో జస్టిన్ రాసిన ‘ట్రైఫోతో సంవాదం’లో యూదుడైన ట్రైఫో, మెస్సీయ శ్రమపడవచ్చునని ఒప్పుకుంటాడు, శాపగ్రస్తమైన సిలువ మరణాన్ని మాత్రం నిరూపించమంటాడు. జస్టిన్ ఇచ్చిన జవాబులలో ప్రధానమైనది రెండు రాకడల సిద్ధాంతం: మొదటిది దీనంగా, రెండవది మహిమతో. యూదుల పక్షం పన్నెండవ శతాబ్దంలో మైమోనిడీస్ ‘మిష్నే తోరా’లో స్పష్టంగా నిర్వచితమైంది. దావీదు వంశపు రాజు దేవాలయాన్ని తిరిగి కట్టి, చెదిరిన ఇశ్రాయేలును సమకూర్చితే అతడు నిశ్చయంగా మెస్సీయ. విఫలుడైనా, చంపబడినా కాదు. 1263లో బార్సెలోనాలో ఆరగాన్ రాజు జేమ్స్ సమక్షంలో జరిగిన వాదంలో నహ్మనిడీస్ అడిగినదీ ఇదే కోవలోనిది: యేసు నాటినుండి నేటివరకు లోకం హింసతో, దోపిడితో నిండే ఉన్నది కదా? ఆ ప్రశ్న వేసిన పండితుడు కొన్నేళ్ళకే స్పెయిన్ విడిచి వెళ్ళవలసివచ్చింది.

ఈ చరిత్రను ఎదుట ఉంచుకున్నప్పుడు ‘యూదులు గుర్తించలేకపోయారు’ అనే వాక్యం అమాయకమైనది కాదని తెలుస్తుంది. వారు అడిగినది అజ్ఞానంతో కాదు, తమ గ్రంథాల ప్రమాణంతో. శతాబ్దాల పాటు ఆ వాక్యం నిందగా, నింద హింసగా మారింది. రెండవ వాటికన్ మహాసభ 1965లో వెలువరించిన ‘నోస్ట్రా ఎతాటె’ ప్రకటన, యేసు మరణానికి యూదులందరినీ బాధ్యులను చేయడాన్ని తిరస్కరించింది. బైబిలుకు సంబంధించిన పోప్ కమిషన్ 2001లో విడుదల చేసిన పత్రం ఇంకొక అడుగు వేసి, యూదుల మెస్సీయ నిరీక్షణ వ్యర్థం కాదని అంగీకరించింది. క్రైస్తవులూ ఎదురుచూస్తున్నవారే, రాబోయేవానిలో, ఇదివరకే వచ్చి తమ మధ్య ఉన్న యేసు లక్షణాలే కనిపిస్తాయని తాము నమ్ముతున్నామని, భేదం అంతేనని ఆ పత్రం చెబుతున్నది.