ఇంటి వాతావరణ చిట్టా చెడినప్పుడు

డాబామీద వర్షమాపకమును, ఉష్ణమాపకమును, గాలివేగమును కొలుచు గిన్నెల చక్రమును నెలకొల్పుకొని, వాని కొలతలను కంప్యూటరుచే వ్రాయించుకొను గృహస్థులు నేడు అనేక దేశములలో నున్నారు. గిన్నె విరిగినచో క్రొత్తది తెచ్చుకొనవచ్చును. కొలతలు వ్రాయబడిన ఫైలు చెడినచో మాత్రము, ఏండ్ల తరబడి కూడబెట్టిన లెక్క ఒక్క రాత్రిలో పోయినట్లు తోచును. నిజమునకు అందు చాలభాగము పోదు. దానిని తిరిగి రాబట్టుకొను విధమును ఇచ్చట వివరింప దలచినాము.

ఉదాహరణమునకు వీడబ్ల్యూఎక్స్ అను ప్రోగ్రామును తీసికొందము. దీనిని 2009లో టామ్ కెఫర్ ప్రారంభించెను. ఇది సాధారణముగా ఐదు నిమిషములకొక పద్దు వ్రాయును. అనగా రోజునకు 288, ఏడాదికి 1,05,120 పద్దులు. ఇదిగాక ప్రతిదినపు గరిష్ఠ కనిష్ఠములను, మొత్తములను వేరు పట్టికలలో నుంచును. మన వర్తకుల మాటలలో మొదటిది చిట్టా, రెండవది ఆవర్జా. ఈ రెండును ఎస్‌క్యూలైట్ పద్ధతిలో ఒకే ఫైలునందు ఇమిడియుండును.

ఫైలు చెడుట కేమి కారణము? ఒక పద్దు చేర్చవలెనన్న ఫైలులోని పెక్కు పుటలను మార్చవలసియుండును. కొన్ని పుటలు మారి, కొన్ని మారకముందే కరెంటు పోయినచో, సగము పాతది, సగము క్రొత్తది మిగులును. దీనికి విరుగుడుగా ఎస్‌క్యూలైట్ ముందుగనే పాత పుటల నకలును జర్నల్ అను తోడు ఫైలులో దాచును. తిరిగి తెరచినప్పుడు ఆ నకలును బట్టి ఫైలును పూర్వస్థితికి తెచ్చును. ఈ తోడు ఫైలును పనికిరానిదని తలచి తుడిచివేయువా రున్నారు. అంతటితో సులభముగా కుదురుకొనవలసిన ఫైలు నిజముగనే చెడును. చౌక మెమరీకార్డులు వ్రాయకయే వ్రాసితినని చెప్పుటయు మరియొక కారణము.

కనుక మొట్టమొదట చేయవలసినది ప్రోగ్రామును ఆపి, ఫైలును, దాని తోడు ఫైలును కలిపి వేరొక డిస్కులోనికి నకలు చేయుట. ఇకమీదటి ప్రయత్నములన్నియు నకలుపైననే జరుపవలెను. మూలమును ముట్టరాదు.

పిదప ఎస్‌క్యూలైట్‌తో నకలును తెరచి, ఇంటిగ్రిటీ చెక్ అను పరీక్ష చేయవలెను. ఓకే అను ఒక్కమాట ప్రత్యుత్తరముగా వచ్చినచో కట్టడము చెక్కుచెదరలేదని యర్థము. దోషముల పట్టిక వచ్చినచో, 2019లో చేర్చబడిన రికవర్ అను ఆజ్ఞ నుపయోగింపవలెను. అది పుటపుటను వెదకి, చదువుటకు వీలైన పద్దులను ఏరి యిచ్చును. వానితో క్రొత్త ఫైలును కట్టుకొనవలెను.

అప్పటికిని కొన్ని పద్దులు లోపింపవచ్చును. డేవిస్ వాన్టేజ్ వంటి యంత్రములకు డేటా లాగరు అను స్వంత జ్ఞాపకపేటిక యుండును. అందు 2,560 పద్దులు పట్టును. ఐదు నిమిషముల కొకటి చొప్పున అవి ఇంచుమించు తొమ్మిది దినములకు సరిపోవును. ఆ పిమ్మట పాతవానిపై క్రొత్తవి వ్రాయబడును. కావున ఆలస్యము చేయక ఆ పేటికలోని దంతయు దింపుకొనవలెను.

చిట్టా కుదిరిన పిదప ఆవర్జాను మరల వ్రాయించుట తేలిక. అందులకు రీబిల్డ్ డైలీ అను ఆజ్ఞ కలదు. అయితే ఒక సూక్ష్మము గమనింపవలెను. ఆవర్జాలో క్షణక్షణపు కొలతలు చేరియుండును. చిట్టాలో ఉష్ణోగ్రత ఐదు నిమిషముల సగటు మాత్రమే. కాబట్టి తిరిగి వ్రాసిన ఆవర్జాలో నాటి గరిష్ఠోష్ణోగ్రత ఒకింత తగ్గి కనబడవచ్చును. పాత ఆవర్జా చదువుటకు వీలైనచో దానిని భద్రపరచుకొనుట మేలు.

ఎంత వెదకినను దొరకని పద్దుల సంగతి యేమి? వాని స్థానమును ఖాళీగా నుంచవలెను, సున్న వేయరాదు. సున్న యనగా వాన కురియలేదని సాక్ష్యము. ఖాళీ యనగా కొలత లేదని ఒప్పుదల. గాలివాన రాత్రియే కరెంటు పోవుట మన యెరుకలోనిదే. ఆ రాత్రికి సున్న వేసినచో, ఏడాదిలోని పెద్దవాన లెక్కలలో అనావృష్టిగా నిలిచిపోవును. పొరుగూరి అంకెతో ఆ ఖాళీని నింపుటయు తగదు. భారత వాతావరణ శాఖ ప్రకటించు దినవర్షపాతము ఉదయము 8-30 గంటలనుండి మరునాటి 8-30 వరకు లెక్కింపబడినది. ఇంటి ప్రోగ్రాము అర్ధరాత్రినుండి అర్ధరాత్రికి లెక్కించును. రెంటిని సరిపోల్చుటకైనను ముందు గంటలను సరిచేయవలెను.

ఇట్టి శ్రమ రాకుండుటకు కంప్యూటరుకు బ్యాటరీ ఆధారమును, ఫైలుకు ప్రతిదినము ఒక నకలును ఏర్పరచుకొనవలెను. ప్రోగ్రాము పనిచేయుచుండగా ఊరక ఫైలును నకలు చేసినచో అదియు సగము పాతది, సగము క్రొత్తది కావచ్చును. ఎస్‌క్యూలైట్‌లోని బ్యాకప్ ఆజ్ఞతో చేసినచో ఆ భయము లేదు. నెలకొకమారు ఆ నకలును తెరచి, నిన్నటి పద్దు అందున్నదో లేదో చూచుకొనుట అవసరము.