ప్రాక్టీస్ అయ్యాక పిల్లల పళ్లెంలో ఏముండాలి?

నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో, 2023లో ఢిల్లీలో 50 కిలోల విభాగంలో ప్రపంచ బాక్సింగ్ చాంపియన్‌గా నిలిచారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మాత్రం చైనా బాక్సర్ వు యు చేతిలో ఓడిపోయారు. బరువు కోసం రెండు రోజులు తిండీ నీళ్లూ మానుకున్నానని, తేరుకునే టైమ్ దొరకలేదని ఆ తర్వాత ఆమే చెప్పారు. అంత పెద్ద చాంపియన్‌కే శరీరం సహకరించనప్పుడు, బాక్సింగ్, కుస్తీ, తైక్వాండో నేర్చుకునే మన పిల్లల సంగతేంటి?

గంటన్నర గట్టిగా ప్రాక్టీస్ చేస్తే శరీరంలో మూడు జరుగుతాయి. చెమటతో నీరు, ఉప్పు పోతాయి. కండరాల్లో దాచుకున్న చక్కెర నిల్వ, అంటే గ్లైకోజెన్, తగ్గుతుంది. కండరాల పోగులు కొద్దిగా దెబ్బతింటాయి. ఈ మూడూ సరిచేసుకున్నాకే ఒంటికి బలం వస్తుంది.

ముందు నీళ్లు

ప్రాక్టీస్‌కు ముందు, తర్వాత బరువు చూడాలి. 50 కిలోల కుర్రాడు 49.2 కిలోలకు దిగాడంటే 800 గ్రాములు దాదాపు నీరే పోయినట్టు. తగ్గిన బరువుకు ఒకటింపావు నుంచి ఒకటిన్నర రెట్లు, అంటే లీటరు నుంచి లీటరుంపావు దాకా, రెండు మూడు గంటల్లో కొంచెం కొంచెంగా తాగించాలి. ఉప్పు వేసిన మజ్జిగ, నిమ్మరసం మంచివి. మూత్రం ముదురు పసుపుగా ఉంటే నీళ్లు ఇంకా చాలలేదన్నమాట.

తర్వాత తిండి

అదే కుర్రాడికి గంటలోపు రెండు అరటిపండ్లు, రెండు ఉడికించిన గుడ్లు, అర గ్లాసు పాలు ఇస్తే సుమారు 50 గ్రాముల పిండిపదార్థం, 15 గ్రాముల ప్రోటీన్ అందుతాయి. ఆపైన మామూలు భోజనమే. మన ఇళ్లలో పొద్దున చేసే ఖిచ్డీ, ఖీమా ఇందుకు చక్కగా సరిపోతాయి. పహిల్వాన్లకు పేరున్న హైదరాబాద్ బార్కస్‌లో దొరికే హరీస్‌లోనూ గోధుమ, మాంసం రెండూ ఉంటాయి. నూనె మాత్రం తక్కువ వేయాలి.

ఖరీదైన ప్రోటీన్ పౌడర్ లేకపోయినా నష్టం లేదు. కొన్నిట్లో నిషేధిత పదార్థాలు కలిసి ఉండొచ్చు, డోప్ టెస్టులో పట్టుబడితే ఆటే పోతుంది. క్యాప్సూల్ అయితే జిలాటిన్ దేనితో చేశారో, హలాల్ గుర్తు ఉందో లేదో చూడాలి.

రంజాన్‌లో ఎలా?

రోజా ఉన్న రోజుల్లో గట్టి ప్రాక్టీస్ ఇఫ్తార్ అయిన గంటా రెండు గంటల తర్వాత పెట్టుకోవడం మేలు. సాయంత్రం చేయాల్సి వస్తే తేలికపాటిది, అదీ ఇఫ్తార్‌కు కాస్త ముందు చేయాలి. అప్పుడు వెంటనే నీళ్లు, ఖర్జూరాలు అందుతాయి. మిర్చీ బజ్జీలు, సమోసాలతో కడుపు నింపేస్తే అసలు భోజనానికి చోటుండదు. ఇఫ్తార్ నుంచి సహరీ దాకా నీళ్లు విడతలు విడతలుగా తాగాలి. సహరీలో గుడ్లు, పెరుగు, రొట్టె లేదా ఖిచ్డీ ఉండాలి. రాత్రి తగ్గిన నిద్రను మధ్యాహ్నం కొంతైనా పూడ్చుకోవాలి. కళ్లు తిరిగినా, మాట తడబడినా ప్రాక్టీస్ ఆపేసి డాక్టర్‌కు చూపించాలి. అనారోగ్యంతో ఉన్నవారికి రోజా తర్వాత పూర్తి చేసుకునే వెసులుబాటు ధర్మంలోనే ఉంది.

బరువు కోసం నీళ్లు ఆపొద్దు

1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ క్రీడాకారులు బరువు దించుకునే ప్రయత్నంలోనే చనిపోయారు. చెమట పట్టించే రబ్బరు సూట్లు వేసుకుని, నీళ్లు మానేసి వ్యాయామం చేయడమే వాళ్ల ప్రాణం తీసింది. తర్వాతే అక్కడి కాలేజీ పోటీల్లో ఆ పద్ధతులను నిషేధించారు. అందుకే ఎదిగే పిల్లవాడిని కోచ్ ‘రెండు కిలోలు తగ్గించుకుని రా’ అంటే, ‘పై విభాగంలో ఆడించండి సార్’ అని తల్లిదండ్రులు నిలబడి అడగాలి. పతకానికి ఇంకో టోర్నమెంట్ ఉంటుంది.